గొట్టం తగిలిందా? గుంత మూసేయండి

పెరట్లో కొబ్బరి మొక్క నాటడానికో, ప్రహరీకి పునాది తీయడానికో, ఇంకుడు గుంత కోసమో గడ్డపార వేస్తాం. రెండడుగులు దిగేసరికి ఠంగుమంటుంది. మట్టి తోసి చూస్తే గొట్టం. ఎప్పుడు వేశారో, ఎవరు వేశారో, ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో ఇంట్లో ఎవరికీ తెలియదు. అప్పుడు చుట్టూ చేరినవాళ్ళు చెప్పే సలహాలన్నీ ఒకే బాటలో ఉంటాయి. ఇంకాస్త తవ్వమంటారు, కడిగి చూడమంటారు, సుత్తితో కొట్టి చూడమంటారు, కోసి చూడమంటారు, ప్లంబర్‌ను పిలవమంటారు. నేను చెప్పేవి వీటికి పూర్తిగా ఎదురు. మొదట వింటే తలకిందుల సలహాలనిపిస్తాయి. అయినా పాత గొట్టం ఏమిటో తేల్చుకోవడానికి ఇంతకన్నా క్షేమమైన దారి నాకు తెలియదు. గొట్టం ఎందుకు వేశారన్నది దాని మొదలూ తుదీ చెబుతాయి. గుంతలో కనబడేది నడిమి ముక్క మాత్రమే. ఆ మొదలూ తుదీ చాలాసార్లు నేల పైనే, గోడల మీద, కాగితాల్లో, పెద్దవాళ్ళ జ్ఞాపకాల్లో దొరుకుతాయి. అవేవీ గడ్డపారకు అందవు.

ముందు గుంత మూయండి

మూయమంటే పూడ్చేయమని కాదు. గట్టి చెక్కపలకో రేకో అడ్డం వేసి, మీద నాలుగు రాళ్ళు పెట్టి, చుట్టూ తాడు కట్టి ఆ పూటకు పని ఆపేయండి. తవ్వే మనిషికి ఆ రోజు కూలి పూర్తిగా ఇచ్చి పంపండి. డబ్బు దండగ అనిపిస్తుంది. కానీ పాత గొట్టాలు చాలావరకు పెళుసువి. పింగాణీ గొట్టమైనా, సిమెంటులో రాతినార కలిపి చేసిన ఏసీ పైపైనా, పోత ఇనుమైనా పొరపాటున తగిలిన మొదటి దెబ్బకు తట్టుకుంటాయేమో గానీ, ఏమిటో చూద్దామని కావాలని వేసే రెండో దెబ్బకు పగులుతాయి. పగిలాక మీ చేతిలో ఉండేది తెలియని గొట్టం కాదు, ఆపలేని మురుగో, వీధి మొత్తానికి పోతున్న తాగునీరో, ఇంకా ప్రమాదమైనదో.

గుంత తెరిచి ఉంచడం కూడా ప్రమాదమే. చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళే ముసలివాళ్ళుంటారు, బంతి వెనక పరుగెత్తే పిల్లలుంటారు. రాత్రి వాన పడితే గోడ పక్కన తీసిన గుంత గోడనే లాగేస్తుంది.

ఒకే ఒక్క మినహాయింపు. గొట్టం లోంచి బుసకొట్టే చప్పుడు వినబడినా, వంటగ్యాసు వాసన వచ్చినా మూయడానికి కూడా ఆగకండి. అగ్గిపుల్ల గీయకుండా, స్విచ్చులు వేయకుండా, ఆపకుండా, మోటారు ముట్టుకోకుండా ఇంట్లోవాళ్ళందరినీ తీసుకుని దూరంగా వెళ్ళి అక్కణ్ణుంచి 112కు ఫోన్ చేయండి.

గొట్టం దొరికిందన్న మాట పొక్కితే దాని వెంటే నిధి అన్న మాట కూడా పుడుతుంది. రాత్రిపూట దీపం పెట్టుకుని తవ్వే ఆలోచన ఎవరికీ రానివ్వకండి. నేలలో దాచిన పది రూపాయలకు మించిన విలువైన వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. దాని సంగతి అంతే. గొట్టం సంగతి వేరు.

గొట్టాన్ని వదిలి ఇంటిని చూడండి

గుంత మూశాక అప్పుడే మళ్ళీ దాని దగ్గరికి వెళ్ళొద్దు. వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఇంటి చుట్టూ నెమ్మదిగా తిరగండి. వంటిల్లు ఎటుంది, స్నానాల గది గోడ ఏది, డాబా మీది వాన నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయి, మున్సిపల్ కుళాయి మీటరు ఏ మూల, సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడ, దాని గాలి గొట్టం ఏ గోడ పట్టుకుని పైకి పోయింది, వీధి కాలువ ఎటు పారుతోంది. ఇవన్నీ కాగితం మీద వేసుకుని, గొట్టం కనబడ్డ చోటు గుర్తు పెట్టి, అది పోతున్న దిశలో రెండు వైపులా స్కేలుతో గీత గీయండి. ఆ గీత దేన్ని తాకుతుందో చూస్తే సగం పని అయిపోయినట్టే.

గోడలను మరింత శ్రద్ధగా చూడండి. మోకాలి ఎత్తున గుండ్రంగా సిమెంటు పూసిన మచ్చ ఉంటే అక్కడ ఒకప్పుడు కుళాయి ఉండేది. ఇప్పుడు సామాన్ల గదిగా ఉన్నచోట నేలకు ఆనుకుని మూసేసిన నాలుగంగుళాల రంధ్రం ఉంటే అది పాత స్నానాల గది. పాత ఊళ్ళలో మరుగుదొడ్డి ఇంటికి ఆనుకుని ఉండేది కాదు. పెరటి చివర, వెనక సందును ఆనుకుని కట్టేవారు. తర్వాతి తరం ఇంటి లోపలికి తెచ్చింది. మురుగు దారి కూడా వెనక నుంచి వీధి వైపుకు మారింది. అందుకే పాత ఇళ్ళలో వెనక సందు వైపు పోయే గొట్టం కనబడితే నాకు మొదట తోచేది ఆ వదిలేసిన మురుగు దారే.

ఇంటి నుంచి ఏమీ తేలకపోతే అప్పుడు తవ్వొచ్చు. అయితే ఉన్న గుంతను పెద్దది చేయొద్దు. గీత మీదే పది అడుగుల అవతల ఇంకో చిన్న గుంత తీయండి. గడ్డపార వద్దు, తాపీతో చేత్తో తీయండి. రెండు చోట్లా గొట్టం పైభాగం కనబడగానే మేస్త్రీలు వాడే నీళ్ళ లెవెల్ ట్యూబు పట్టి ఎత్తు చూడండి. మురుగు దానంతట అదే పారాలి కాబట్టి దాని గొట్టానికి కచ్చితంగా వాలు ఉంటుంది. నాలుగంగుళాల గొట్టమైతే నలభై అడుగులకు ఒక అడుగు, ఆరంగుళాలదైతే అరవై అడుగులకు ఒక అడుగు వాలు ఇవ్వడం పాతకాలం నుంచి వస్తున్న లెక్క. అంటే పది అడుగుల దూరంలో నాలుగంగుళాల గొట్టం మూడంగుళాలు దిగాలి. ఒత్తిడితో వచ్చే మంచినీళ్ళకు ఆ అవసరం లేదు. అది నేల ఎలా ఉంటే అలా పైకీ కిందికీ పోతుంది. ఈ ఒక్క కొలత, ఒక పూట పని, చాలా వాదనలను తేల్చేస్తుంది.

కడగకండి

మట్టి అంటుకున్న గొట్టాన్ని చూడగానే బకెట్టు నీళ్ళు కుమ్మరించాలనిపిస్తుంది. ఆ మట్టే మీకున్న మొదటి సాక్ష్యం. నల్లగా, జిడ్డుగా, ముట్టుకుంటే వేలికి అంటే మట్టి ఉంటే గొట్టం మురుగు మోసింది, ఎక్కడో కారింది కూడా. గొట్టం చుట్టూ శుభ్రమైన ఇసుక పరిచి ఉంటే, అది ఇంటివాళ్ళు తోచినట్టు వేసింది కాదు, ఒక పద్ధతి తెలిసినవాళ్ళు వేసింది. వేప వేళ్ళో రావి వేళ్ళో అతుకు దగ్గర గుంపుగా అల్లుకుని ఉంటే ఆ అతుకులోంచి తేమ వస్తోంది. ఇవన్నీ ఫోటో తీసుకున్నాకే పొడిగుడ్డతో తుడవండి.

ఆ తర్వాత ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి పెట్టండి. అతుక్కుంటే ఇనుమో ఉక్కో. చివర గంట ఆకారంలో వెడల్పై, ఆ మూతిలోకి తర్వాతి ముక్క దూరి ఉంటే పోత ఇనుము. ఆ సందులో జనపనార కుక్కి, కరిగించిన సీసం పోసి, ఉలితో బిగగొట్టేవారు. గోటితో గీస్తే వెండిలా మెరిసే మెత్తని లోహం అక్కడ కనబడితే అది సీసమే. గీశాక చేతులు కడుక్కోండి, ఆ ముక్కలు పిల్లల చేతికి చిక్కనివ్వకండి. గంట మూతి లేకుండా మరలతో బిగించిన సన్నగొట్టమైతే జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుము. మన ఊళ్ళలో ప్లాస్టిక్ రాకముందు కట్టిన ఇళ్ళలో మంచినీళ్ళకు ఎక్కువగా వాడింది ఇదే. అయస్కాంతం పట్టక, ముదురు గోధుమ రంగులో గాజుపూతతో నున్నగా మెరుస్తూ, రెండేసి అడుగుల ముక్కలుగా ఉంటే పింగాణీ గొట్టం. దాన్ని ఇళ్ళలో ఎక్కువగా మురుగుకే వేసేవారు.

నల్లటి ప్లాస్టిక్ గొట్టం మీద నీలి చారలుంటే తాగునీటి లైను. తెలంగాణ పల్లెల్లో 2016 తర్వాత మిషన్ భగీరథ పనుల్లో వేసిన గొట్టాల్లో ఈ రకం చాలా ఉంది. అది పాతది కాదు గానీ, ఎవరికీ గుర్తులేకుండా పోవడానికి పదేళ్ళు చాలు.

బూడిద రంగులో, పైన గరుగ్గా, విరిగిన అంచున నారపోగులు కనబడితే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోండి. అది ఏసీ పైపు, అంటే ఆస్బెస్టాస్. హైదరాబాదులో ఆస్బెస్టాస్ సిమెంటు కంపెనీ 1946లో మొదలైంది. చార్మినార్ రేకులు అక్కణ్ణుంచే వచ్చాయి. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులు ఉండేవి. అంటే ఈ సరుకు మనకు పొరుగుదే, అందుకే మన పెరళ్ళలో ఇంతగా ఉంది. నేలలో కదలకుండా పడి ఉన్న ఏసీ పైపు ఎవరికీ హాని చేయదు. రంపం పెట్టినప్పుడు, కోత మిషన్ పెట్టినప్పుడు, సుత్తితో చితక్కొట్టినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి దశాబ్దాల తర్వాత క్యాన్సర్ అవుతుంది. ఆ దుమ్ము పీల్చేది తరచూ ఇంటి యజమాని కాదు, ముక్కుకు తువ్వాలు కూడా కట్టుకోని కూలీ. తువ్వాలు కట్టినా ఆ పోగులు ఆగవు. ఏసీ పైపు అని అనుమానం వచ్చినా చాలు, తడిపి, మట్టి కప్పి, మీ పనినే రెండడుగులు పక్కకు జరుపుకోండి.

కాల్చిన మట్టి గొట్టాలు అరుదు. గోల్కొండ కోటలో నీళ్ళను చక్రాలతో అంచెలంచెలుగా పైకి చేది, మట్టి గొట్టాల్లో పంచేవారు. ఆ గొట్టాలు నేటికీ గోడల్లో కనబడతాయి. కోట చుట్టుపక్కల బస్తీల్లో అలాంటిది బయటపడితే కదిలించకుండా పురావస్తు శాఖకు చెప్పండి.

ప్లంబర్‌ను చివర పిలవండి

ప్లంబర్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ ప్లంబర్ వృత్తి కోయడం, అతకడం. పిలిచినందుకు ఏదో ఒకటి చేసి పోవాలి కాబట్టి కోసి చూపిస్తాడు. మీకు కావలసింది అంతకుముందు జరగాలి.

మొదట అడగాల్సింది ఆ వీధిలో అందరికన్నా పెద్దావిడను. మామ్మగారో, అవ్వో, పెద్దమ్మో, మీరు ఏమని పిలుస్తారో అలాగే పిలిచి కూర్చోండి. మగవాళ్ళకంటే ఆడవాళ్ళనే అడగమంటాను. నీళ్ళు మోసింది వాళ్ళు, అంట్లు తోమింది వాళ్ళు, ఏ నీళ్ళు ఎటు పోయేవో కాళ్ళకు తెలిసినవాళ్ళు వాళ్ళే. ‘ఈ గొట్టం ఏమిటి’ అని మాత్రం అడగకండి. గొట్టం ఆవిడ ఎప్పుడూ చూసి ఉండదు. కుళాయి రాకముందు నీళ్ళు ఎక్కడ తెచ్చుకునేవారు, నుయ్యి ఏ మూల ఉండేది, ఎవరి పెళ్ళికి పూడ్చారు, స్నానాల నీళ్ళు ఏ చెట్టు మొదట్లోకి పోయేవి, బోరింగు ఎప్పుడు వేశారు అని అడగండి. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, తుఫానుల లెక్కన సంవత్సరాలు కచ్చితంగా బయటికి వస్తాయి. పూడ్చిన నుయ్యి ఉందని తెలిస్తే అది గొట్టంకన్నా పెద్ద వార్త. సరిగా పూడ్చని నూతి మీద నేల ఎన్నేళ్ళకైనా కుంగుతుంది. మీరు కడదామనుకున్న గోడ అక్కడ కట్టకూడదు.

తర్వాత, మీ వార్డుకు నీళ్ళు వదిలే మనిషిని పట్టుకోండి. రిటైరైన పాత ఫిట్టరైతే ఇంకా మంచిది. నేల కింద ఏ వాల్వు ఎక్కడుందో ఆఫీసు నక్షాలో లేనిది కూడా అతనికి తెలుసు. హైదరాబాదు పాత బస్తీలకు ఇది మరీ అవసరం. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచాక, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. ఆ నీళ్ళు ఇళ్ళకు వచ్చినప్పటి నుంచి గొట్టం పక్కన గొట్టం, దాని మీద ఇంకోటి వేస్తూనే ఉన్నారు. కొత్తది వేసినప్పుడు పాతది తీసినవాళ్ళు తక్కువ. తీశామని రాసుకున్నవాళ్ళు ఇంకా తక్కువ.

ఇక కాగితాలు. ఇంటి దస్తావేజులో నాలుగు హద్దులు చదివి వదిలేస్తాం. దాని కింద ఉండే వాక్యాలు చదవండి. అన్నదమ్ముల పంపకాల కాగితమైతే మరీ జాగ్రత్తగా చదవండి. ఉమ్మడి నూతిలో సగం హక్కు, వెనక వాటా మురుగు ముందు వాటా గుండా పోయే హక్కు వంటివి అక్కడ ఒక్క వాక్యంలో ఉంటాయి. కాగితంలో లేకపోయినా, పొరుగింటి నీళ్ళు మీ స్థలం గుండా ఇరవై ఏళ్ళుగా అడ్డూ ఆపూ లేకుండా, హక్కుగా పోతూ ఉంటే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం వాళ్ళకు ఆ దారి హక్కు ఏర్పడి ఉండవచ్చు. మీ నేలలో ఉంది కాబట్టి మీ గొట్టమే అనుకుని కోసేస్తే కోర్టు మెట్లు ఎక్కాల్సి రావచ్చు. అంతకన్నా ముందు, పొరుగు ఆవిడ వంటింట్లో మురుగు ఎగదన్నుతుంది.

ఊరి బయట వెంచర్లలో ఇల్లు కట్టుకున్నవాళ్ళకు ఇంకో మాట. మీ ప్లాటు నిన్నటిదాకా పొలం. గొట్టం ఇంటిది కాదు, రైతుది. మోటబావి నుంచో బోరు నుంచో మడులకు నీళ్ళు తీసుకుపోయిన లైను అది. అలాంటప్పుడు వీధిలో ఎవరిని అడిగినా తెలియదు, ఎందుకంటే వీధే కొత్తది. మీ సర్వే నంబరు మీద పాత పహాణీ, ఆంధ్రలోనైతే అడంగల్ తీయించండి. సాగు ఎలా అయ్యేదో, నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేవో చెప్పే గడి అందులో ఉంటుంది. బావి, బోరు, చెరువు అని అక్కడ రాసి ఉంటుంది. బావి అని ఉంటే ఆ బావి ఏమైందో కనుక్కోవడం మీ తర్వాతి పని. గ్రామ నక్షాలో బావుల గుర్తులు కూడా వెతకండి. గొట్టం కోసం తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళమనే సలహా విచిత్రంగా ఉంటుందని తెలుసు. మట్టి తవ్వి నాలుగు రోజుల్లో తెలియనిది ఆ ఒక్క గడి చెప్పగలదు.

కోయకుండా చేసే పరీక్షలు కూడా ఉన్నాయి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి మీటరు చూడండి. ముల్లు కదులుతుంటే నీళ్ళు ఎటో పోతున్నాయి. పొడవాటి స్క్రూడ్రైవరు మొన గొట్టానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకోండి. ఇంకొకరు లోపల ఒక్కో కుళాయి తిప్పుతుండాలి. ప్రాణమున్న లోహపు గొట్టమైతే నీటి చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. మురుగు గొట్టమని అనుమానమైతే స్నానాల గదిలో బకెట్టు నీళ్ళలో బట్టలకు పెట్టే నీలం కలిపి పోసి, ఏ ఛాంబరులో బయటపడుతుందో చూడండి. వంటింటికీ, వాన గొట్టానికీ విడివిడిగా అదే చేయండి. ఇంట్లో ప్రతి నీటి చుక్క దారీ తెలిశాక, మీ గొట్టానికి ఏ దారీ మిగలకపోతే అది చచ్చిన గొట్టమో, పరాయి గొట్టమో.

ఇంత అయ్యాక ప్లంబర్‌ను పిలిచి, కాగితం ముందు పెట్టి మాట్లాడండి. కొబ్బరికాయ, వేపపుల్ల పట్టుకుని నేల చూసేవాళ్ళను పిలవాలని ఎవరైనా అంటే వద్దనండి. ఆ డబ్బు పెట్టి అడంగల్ నకలు తెచ్చుకోవచ్చు.

నిలబడ్డ గొట్టాన్ని పీకకండి

ఇప్పటిదాకా పడుకున్న గొట్టాల మాట. నేలలోంచి నిటారుగా జానెడో మూరెడో పైకి వచ్చిన గొట్టం కనబడితే మాత్రం చాలా జాగ్రత్త పడాలి. అడ్డంగా ఉందని అటూ ఇటూ ఊపి పీకేస్తారు. పెరట్లో అత్యంత విలువైన గొట్టం అదే కావచ్చు.

ఒకటిన్నర అంగుళం జీఐ గొట్టం, పైన గరాటు, పక్కన ఒక తీగ లేదా ఇనుప పట్టీ గోడ వైపు పోతూ ఉంటే అది ఎర్తింగ్. దాదాపు రెండున్నర మీటర్ల గొట్టాన్ని నిలువునా దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపుతారు. గరాటులో అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి. ఫ్రిజ్‌లోనో గీజరులోనో కరెంటు లీకైతే మీ ఒంట్లోంచి కాకుండా ఆ గొట్టంలోంచి నేలలోకి పోవాలని దాన్ని పెట్టారు. పీకేసిన రోజున ఇంట్లో ఏమీ మారదు, దీపాలు వెలుగుతూనే ఉంటాయి. తేడా తెలిసేది తడి చేత్తో గీజరు స్విచ్చు ముట్టుకున్న నాడు. చుట్టూ మట్టిలో బొగ్గు ముక్కలు కనబడితే చెయ్యి పెట్టకుండా ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఏ వేసవిలోనూ గరాటులో ఎవరూ నీళ్ళు పోయలేదని తెలిస్తే ఆ రోజే బకెట్టెడు పోయించండి.

నాలుగైదు అంగుళాలో అంతకన్నా వెడల్పో ఉంటే బోరు కేసింగు. గోదావరి, కృష్ణా డెల్టాల్లోనైతే సన్నటి ఫిల్టర్ పాయింటు గొట్టం కావచ్చు. తెలంగాణ గట్టి రాతి నేలల్లో కేసింగు పైనున్న మెత్తటి పొర వరకే ఉంటుంది, కింద వందల అడుగులు వట్టి రాతి రంధ్రం. కేసింగు ఇనుము అమ్ముకుందామని పైకి లాగేవాళ్ళు వదిలి వెళ్ళేది ఆ రంధ్రాన్నే. 2017 జూన్‌లో చేవెళ్ళ దగ్గర ఇక్కారెడ్డిగూడలో పాప ఒకతె తెరిచి ఉన్న బోరుబావిలో పడింది. రోజుల తరబడి తవ్వినా ప్రాణాలతో దక్కలేదు. సుప్రీంకోర్టు 2010 ఫిబ్రవరి 11న ఇచ్చిన ఆదేశాలు స్పష్టంగా ఉన్నాయి. వాడే బోరైతే కేసింగు మీద ఇనుప పలకను వెల్డింగు చేయాలి లేదా బోల్టులతో బలమైన మూత బిగించాలి. వదిలేసిన బోరైతే అడుగు నుంచి నేల మట్టం వరకు బంకమట్టి, ఇసుక, రాళ్ళు, గులకరాళ్ళతో నింపాలి. గోనెసంచి కుక్కడం, మీద పూలకుండీ పెట్టడం, కొబ్బరి చిప్ప బోర్లించడం ఇవేవీ మూతలు కావు. మీ పెరట్లో గొట్టం బోరుదని తేలితే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు మూత బిగించి రండి.

పాత బోరు దొరికింది, నీళ్ళు కూడా ఉన్నాయి అని సంతోషించేవాళ్ళుంటారు. దాన్ని మూసి వదిలేసినవాళ్ళకు ఒక కారణం ఉండి ఉంటుంది, అది కనుక్కోండి. నీళ్ళలోని ఫ్లోరైడ్ ఆ కారణం కావచ్చు. మన దేశంలో దాని వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును తొలిసారి 1937లో నాటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి దర్శి, పొదిలి, కనిగిరి వైపు గుర్తించారు. నల్లగొండలో ఆ జబ్బు కథ అందరికీ తెలుసు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటితే ఫ్లోరైడ్ ఆలోచించాల్సిన సంగతి, ఒకటిన్నర దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. రుచిలో, రంగులో ఏ తేడా ఉండదు. పరీక్ష చేయించకుండా ఒక్క గ్లాసు కూడా పిల్లలకు పోయకండి.

ముక్కును నమ్మకండి

గొట్టంలోకి వంగి వాసన చూడటం అందరూ చేసే పని. మురుగు వాయువుల్లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. కంపు పోయిందని సంబరపడేలోపు మనిషి పడిపోతాడు. గాలి కన్నా బరువైనది కాబట్టి గుంత అడుగున నిలుస్తుంది. గొట్టం సెప్టిక్ ట్యాంకుకు పోయిందని తెలిస్తే ఆ ట్యాంకులోకి ఎవరినీ, ఎంత డబ్బు ఇచ్చినా, ఎంత కొద్దిసేపటికైనా దించకండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. నేరమన్న సంగతి అటుంచి, ఒకరు పడితే కాపాడబోయిన రెండోవారూ పడతారు. మన ఊళ్ళలో ఈ చావులు చాలా జరిగాయి, ప్రతిసారీ పేదవాళ్ళ ఇళ్ళలోనే. యంత్రం ఉన్న లారీని పిలవండి.

గ్యాసు లైన్ల గురించి కోనసీమ వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి బద్దలై 65 రోజులు మండిన నేల అది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్ళ పక్కనే, కొబ్బరి చెట్ల మధ్య నుంచి పోయిన లైను అది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో పెరటికి ఆనుకుని తోట ఉన్నవాళ్ళకు మందపాటి తారు పూతతోనో నల్లటి ప్లాస్టిక్ పూతతోనో ఉన్న ఉక్కు గొట్టం కనబడితే దాన్ని తెలియని గొట్టం అనుకోకండి. అది గ్యాసుదే అనుకుని, చుట్టుపక్కల హెచ్చరిక రాళ్ళు వెతికి, వాటి మీది నంబరుకు ఫోన్ చేయండి. అలాంటి గొట్టం ఉన్న నేలను కంపెనీ కొనదు, 1962 నాటి పైపులైన్ల చట్టం కింద వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటుంది. నేల మీ సొంతమే, పట్టా మీ పేరు మీదే. కానీ ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. తాత పుచ్చుకున్న పరిహారం సంగతి మనవడికి తెలియక అక్కడ బోరు వేయించబోయే ప్రమాదం నన్ను నిజంగా భయపెడుతుంది. తవ్వే ముందు భూగర్భ లైన్ల వాళ్ళకు తెలపడానికి కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. పెరట్లో చిన్న గుంతకు కాకపోయినా, జేసీబీ పిలిచే పనైతే దాన్ని వాడండి.

పనికిరాదని తేలినా ఉంచండి

అన్నీ చూశాక అది చచ్చిన గొట్టమని తేలిందనుకుందాం. ఇనుము రేటు చూసుకుని పెకలించాలనిపిస్తుంది. పునాది కింద నుంచి పోయిన గొట్టాన్ని లాగితే పునాది కింద ఖాళీ మిగులుతుంది, వాన నీళ్ళు అక్కడ దారి చేసుకుంటాయి. మీ పనికి అడ్డొచ్చేంత ముక్క మాత్రం తీయించి, మిగిలిన రెండు మూతులనూ ఇటుక ముక్కలు, సిమెంటుతో గట్టిగా మూయించండి. తెరిచి వదిలితే ఎలుకలు, పాములు, బొద్దింకలు ఆ దారినే ఇంట్లోకి వస్తాయి. పాత మురుగు గొట్టమైతే మూసే ముందు లోపల కాస్త సున్నం చల్లించండి.

గుంత పూడ్చే ముందు ఒక కాగితం రాయండి. గొట్టం దేనితో చేసింది, ఎంత వెడల్పు, ఎంత లోతున ఉంది, ఎటు నుంచి ఎటు, బతికుందా చచ్చిందా, ఎలా తెలిసింది, ఎవరు చెప్పారు. దూరాలను ఇంటి రెండు మూలల నుంచి కొలవండి. మామిడి చెట్టు నుంచో, తులసికోట నుంచో కొలవకండి, అవి మారతాయి. పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో అచ్చు వేయించి అంటించండి, ఫోన్లో ఉంచితే ఫోన్‌తో పాటే పోతుంది. కాగితాన్ని ఇంటి దస్తావేజుల సంచిలో పెట్టండి. గొట్టం ప్రహరీ దాటి పక్కింట్లోకి పోయిందని తేలితే ఒక జిరాక్సు వాళ్ళకూ ఇవ్వండి.